బూరుగు చెట్టులో పొడవు మీసాలు

సూర్యాపేటలో మా పెరటి బూరుగు చెట్టు మొదలు దగ్గర రంపప్పొట్టు లాంటి పొడి కుప్పగా రాలుతుంటే, చెట్టు పని అయిపోయిందని తేల్చేశాడు మా మరిది. వేములపల్లిలో వరి పండించే మనిషి. ఏ తెగులుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, వరిలో మొగిపురుగుకు చల్లే గుళికలు. కిందటేడు అవే గుప్పెడు తెచ్చి వేళ్ల దగ్గర చల్లి నీళ్లు పెట్టాడు. లోపలున్న పురుగుకేమీ కాలేదు. పక్కనున్న కరివేపాకును మాత్రం ఆ విషానికి భయపడి నేను నెలల తరబడి ముట్టుకోలేకపోయాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ఈ తొలకరికి మళ్లీ పొడి రాలింది. ఆదివారం పొద్దున్నే, నన్నొక్క మాటైనా అడక్కుండా, మునగాల నుంచి చెట్లు కోసే మిషన్ అతన్ని వెంటబెట్టుకుని దిగాడు. నా చెట్టు చావుకు ముహూర్తం పెట్టడానికి నువ్వెవరని నిలదీశాను. ఇంటి మీద పడితే ఎవరు జవాబని ఎదురడిగాడు. ముందు రోగమేదో చూద్దామని కాండానికి చెవి ఆనించాను. లోపల కరకర నములుతున్న చప్పుడు! మరిదితోనూ చెవి పెట్టించాను.

అంతలో మా తల మీది కొమ్మకున్న బొక్కలోంచి రెండు మీసాలు బయటికొచ్చాయి. వస్తూనే ఉన్నాయి, ఎంతకీ అయిపోవే! వాటి వెనక వేలంత పెంకుపురుగు, బూడిదరంగు వీపు మీద నారింజ చుక్కలు. మిర్యాలగూడలో బీఎస్సీ చదివినప్పుడు ల్యాబులో గుండుసూది గుచ్చి పెట్టిన ఇలాంటి పురుగునే చూసి బొమ్మ గీశాను, మార్కులూ తెచ్చుకున్నాను. ప్రాణంతో చూడ్డానికి ఇన్నేళ్లు పట్టింది, అదీ నా పెరట్లోనే. పట్టుకుంటే కీచుమంది. ఏటా మడినిండా పురుగుల్ని చంపే మా మరిది రెండడుగులు వెనక్కి గెంతాడు.

"వదినా, గది మాట్లాడుతున్నది. ఇడిసిపెట్టు."

"నీకంటే నయం. పట్టుకుంటేనే మాట్లాడుతది."

కోత మిషన్ అతను నవ్వు ఆపుకుంటూ కొడవలి వెనకవైపుతో కాండాన్ని చుట్టూ కొట్టి చూశాడు. కాండం ఇంకా గట్టిదే, ఆ ఒక్క కొమ్మే గుల్లయిందన్నాడు. దాన్నే కోసి వెళ్లిపోయాడు.

పురుగును పచ్చడి సీసాలో పెట్టి, సైకిల్ చక్రం పుల్ల కొన వంచి, పొడి రాలుతున్న కాండం బొక్కల్లో దూర్చాను. బొద్దు పిల్లపురుగులు ఒక్కొక్కటే బయటికొస్తుంటే, ఖాళీ అయిన బొక్కలో కిరసనాయిలు దూది కుక్కి మట్టి మెత్తుతున్నాను. అరుగు మీద అలిగి కూర్చున్న మరిది ఎంతోసేపు ఆగలేకపోయాడు. లేచొచ్చి చెయ్యి చాపాడు.

"పుల్ల ఇటియ్యి వదినా. నువ్వు సరిగ్గ గుంజుతలేవ్."