రెండో పెనం దించే వేళ

ఆ రోజు నేను ఒక ఫారం మీద ‘ఉదయం ఎనిమిది’ అని రాశాను. అడిగి రాయాల్సింది ఊహించి రాశాను. నాకు తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను, అంతే. అంతకు మించిన కారణం ఏమీ లేదు.

అనకాపల్లిలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నా ఉద్యోగం. డాక్టర్ని కాను, నర్సునీ కాను. పాము కరిచినవాళ్లు, పురుగుమందు తాగినవాళ్లు, మాత్రలు ఎక్కువ మింగినవాళ్లు వస్తే వాళ్ల వివరాలు రాసుకోవడం నా పని. కొందరు డాక్టర్లు కలిసి వీటి మీద పరిశోధన చేస్తున్నారు. మనిషికి నాలుగు పేజీల ఫారం. ఎప్పుడు కరిచింది, ఎక్కడ కరిచింది, ఇక్కడికి వచ్చేలోపు ఏం చేశారు, ఎవరి దగ్గరికి తీసుకెళ్లారు, ఇవన్నీ అందులో ఉంటాయి.

మొదటి నుంచీ ఈ పనిలో నాకు భలే ఆసక్తిగా అనిపించింది ఆ మొదటి ప్రశ్నే. పాము కరిచినప్పుడు ఎవరూ గడియారం చూసుకోరు. పూడిమడక నుంచి వచ్చిన ఒకాయనకి వలలో చెయ్యి పెడితే సముద్రపు పాము కరిచింది. ఎన్ని గంటలకి అని అడిగితే, “బోటు ఒడ్డుకి తగిలి, సేపలు ఏరడం సగవయ్యేక” అన్నాడు. కొండకర్ల నుంచి వచ్చిన ముసలమ్మ, “గేదిలు ఆవలోంచి ఒడ్డుకెక్కే ఏల” అంది. ఆవ అంటే అక్కడి పెద్ద చెరువు. ఆ మాటలు వినడం నాకు ఇష్టం. కానీ ఫారంలో ఆ గడి చాలా చిన్నది. గంటలు, నిమిషాలు తప్ప అందులో ఇంకేమీ పట్టవు. నేను మళ్లీ మళ్లీ అడిగి, వాళ్లని బతిమాలి, ఆ మాటని అంకెగా మార్చుకునేవాణ్ణి. ఓపిక ఉన్న రోజుల్లో.

చెరుకు ఆడే రోజులవి. పన్నెండున్నరకి ఆటోలో ఒకావిడని తీసుకొచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి. చోడవరం దాటాక ఏదో ఊరు. చెరుకు నరుకుతుంటే కాలి మడమ పక్కన కరిచింది. భర్త ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. అతని చొక్కా నిండా మసి, బెల్లం వాసన.

“పాముని చూశారా?” అని అడిగాను.

“నేదు బావూ. ఆకు కింద సర్రుమందంట. అంతే.”

“ఎన్ని గంటలకి?”

“రెండో పెనం దించుతన్నాం బావూ. దీని కేక ఇనబడింది. పెనం ఆల్లకి ఒగ్గేసి పరిగెత్తేను.”

చెరుకు రసాన్ని పెద్ద ఇనప పెనంలో పోసి, పాకం వచ్చేదాకా కాచి దించుతారు. అంతవరకు నాకు తెలుసు. నేను బెల్లం మార్కెట్ పక్క వీధిలో పుట్టి పెరిగినవాణ్ణి. కానీ పెనం ముందు ఒక్కసారి కూడా నిలబడలేదు. ఒక పెనం కాగడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. అనకాపల్లివాడివై ఉండి అదేం ప్రశ్న అని నవ్వుతాడేమో అనిపించింది. “ఓహో, రెండో పెనమా” అని తెలిసినవాడిలా తలాడించాను. ఆరింటికి పొయ్యి వెలిగించి ఉంటారు, పెనానికో గంట. ఎనిమిది అని రాశాను.

రాశాక ఇంకో చిక్కు వచ్చింది. ఎనిమిదికి కరిస్తే పన్నెండున్నర దాకా ఏం చేసినట్టు? మంత్రం వేసేవాడి దగ్గరికే తీసుకెళ్లి ఉంటారు. ఆ గడిలోనూ టిక్కు పెట్టేశాను. అదీ అడగలేదు.

డ్యూటీ డాక్టరమ్మ నా కంటే చిన్నది. ఆమె రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూసింది. గడ్డ కట్టింది. కేసు షీటులో కరిచిన సమయం ఇంకా ఎవరూ రాయలేదు. పైనే ఉన్న నా ఫారం వైపు చూసింది. “అయిదు గంటలు కావస్తోంది. వాపు పెద్దగా లేదు, రక్తం బాగానే ఉంది. విషం ఎక్కినట్టు లేదు. వార్డులోకి మార్చండి, రాత్రి ఏడింటికి మళ్లీ చూద్దాం” అంది. గంట గంటకీ చెయ్యాల్సిన పరీక్ష అలా ఆగిపోయింది.

మూడున్నరకి టీ తాగుదామని వరండాలోకి వెళ్లాను. ఆవిడ తమ్ముడు క్యారియర్ తెచ్చి బావ పక్కన కూర్చున్నాడు.

“తిను బావా. తిండి మానేత్తే నిన్నూ మంచవెక్కిత్తారు.”

“పెనం ఏటయ్యిందిరా?”

“మూడోది రెండింటికి దించీసి వచ్చేను. నువ్వు నేవు కదా, పాకం ముదిరిపోనాది. రాళ్లు కొట్టుకోవాల ఆ బెల్లం దిమ్మల్తోటి.”

“నీ సేతికిత్తే ఎప్పుడూ అంతే.”

చేతిలో టీ అలాగే ఉండిపోయింది. మూడో పెనం రెండింటికి దించితే, రెండో పెనం ఎనిమిదికి ఎలా దించుతారు?

“ఒక పెనం ఎంతసేపు కాగుతుంది?” అని అడిగాను. అప్పుడు అడగాల్సిన ప్రశ్న.

తమ్ముడు నన్ను ఎగాదిగా చూశాడు. “ఏటి బావూ, మీది ఈ ఊరు కాదేటి?”

“ఈ ఊరే.”

“బెల్లం తినడవే గానీ వండడం సూళ్లేదన్నమాట. మూడు గంటలు. అయిదింటికి పొయ్యెట్టేం. ఎనిమిదికొకటి, పదకొండుకొకటి.”

పదకొండు. డాక్టరమ్మ ఆ గొట్టం వంచినప్పటికి అయిదు గంటలు కాదు, రెండే గంటలు. అంత తొందరలో రక్తం బాగుందంటే విషం లేదని కాదు. ఇంకా బయటపడలేదేమో కూడా.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నేను వెంటనే పరిగెత్తలేదు. ఫారం తీసి, ఎనిమిదిని పదకొండుగా ఎలా దిద్దాలా అని చూశాను. కొత్త ఫారం మీద మొత్తం తిరగరాస్తే ఎవరికీ తెలియదు కదా అనీ అనుకున్నాను. రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో. ఈలోగా కిటికీలోంచి ఆవిడ గొంతు వినబడింది. “నోరు ఉప్పగుంటంది. మంచినీళ్లియ్యండి,” అని ఎవర్నో అడుగుతోంది. ఆ ఉప్పదనం రక్తానిదేమో అనిపించింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, “టైం నేను ఊహించి రాశాను మేడమ్. కరిచింది పదకొండుకి” అన్నాను. ఆమె తిట్టలేదు. ఒక్కసారి నా ముఖం చూసి, “గాజు ట్యూబు తీసుకురండి” అంది.

మళ్లీ రక్తం తీసి గొట్టంలో పోశారు. ఇరవై నిమిషాలు. దాన్ని కదపకూడదు. ఆవిడ మంచం పక్క బల్ల మీద అది నిలబడి ఉంటే, ఆవిడా నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాం.

“నా రకతాన్ని అలాగ కూకోబెట్టేరేటి?”

“గడ్డ కడుతుందా లేదా అని.”

“మా పాకవూ అంతే బావూ. నీళ్లలో సుక్కేసి సూత్తాం, ముద్ద కడితే దించేత్తాం.” గొట్టం వైపు చూపించి, “కట్టకపోతే?” అంది.

“మందు ఎక్కిస్తారు.”

“ఎక్కించేక ఇంటికాడ పిల్ల దగ్గరికి ఎల్తానా?”

వెళ్తావు అని గట్టిగా చెప్పడానికి నాకు హక్కు లేదు. ఆవిడ నవ్వినప్పుడు చిగుళ్ల మీద సన్నగా ఎర్రటి గీత కనిపించింది.

ఇరవై నిమిషాలయ్యాక డాక్టరమ్మ గొట్టాన్ని వంచింది. రక్తం నీళ్లలా జారిపోయింది. అయిదు నిమిషాల్లో ఆవిడని తిరిగి ఎమర్జెన్సీలోకి తెచ్చి విరుగుడు మందు మొదలుపెట్టారు. ఏడింటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాడు ఉదయం పరీక్షలో రక్తం గడ్డ కట్టింది. నాలుగో రోజు ఆవిడ తన కాళ్ల మీద తను నడిచి వెళ్లింది.

వెళ్లే ముందు ఆవిడ భర్తని పక్కకి పిలిచి ఫారం చదివి వినిపించాను. టైం సంగతి విని అతను ఆపైన చదవమన్నాడు. మంత్రగాడి గడి దగ్గరికి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

“మేవెక్కడికీ ఎల్లలేదు బావూ. పొలంలోంచి రోడ్డు దాకా బుజానేసుకొచ్చేను. ఆటో కోసం నడిరోడ్డు మీద అడ్డంగా నిలబడ్డాను. నువ్వు ఇలాగ రాసేవా?”

“రాశాను. తప్పు చేశాను.”

“మమ్మల్ని అడగొచ్చు కదా. నోరు నేదా మాకు?”

అతని ఎదుటే రెండు గడులూ ఒక్కో గీతతో కొట్టేశాను, కింద రాసింది కనబడేలా. పక్కన సరైనది రాసి, తప్పు ఎవరిదో రాసి, సంతకం పెట్టాను. అతను చదవలేడు. తమ్ముణ్ణి పిలిచి చదివించుకుని, తలాడించి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం బీరువాలో పాత ఫారాలన్నీ తీశాను. ఓపిక లేని రోజుల్లో నింపినవి నా దస్తూరీలోనే తెలిసిపోతాయి. అనుమానం ఉన్నవి తొమ్మిది తేలాయి. పరిశోధన పెద్దాయనకి అవి చూపించి ఉన్నది చెప్పాను. వారం సెలవు పెట్టి, బండి మీద ఆ తొమ్మిది ఇళ్లకీ వెళ్లాను. రోలుగుంట అవతల కొండ కింద ఒక ఇంట్లో, ముందు కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అప్పుడు ఏం కావాలని అడిగారు. ఏ వేళకి కరిచిందో వాళ్లు చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే రాసుకున్నాను. ఆ వేళ అంటే ఎంతో నాకు తెలియనప్పుడు, తెలియదని చెప్పి అడిగాను. ఆరు ఫారాలు దిద్దాను. రెండు ఇళ్లలో మనుషులు పనులకి వలస వెళ్లిపోయారు. ఒక ఇంట్లో పాము కరిచిన మనిషి ఇక లేడు. ఆ మూడింటి మీదా ‘ఈ సమయం అడగకుండా రాసినది, లెక్కలోకి తీసుకోవద్దు’ అని రాసి, కింద సంతకం చేసి పంపాను.