ఫైన్ నేను కడతాలే

జూబ్లీ హిల్స్‌లో పెద్ద కారున్న ప్రతివాడూ ఆర్థికవేత్తే. నేను కాలేజీలో గొంతు చించుకుని చెప్పే పాఠం వాళ్లకు పుట్టుకతోనే వచ్చు: జరిమానా కన్నా లాభం ఎక్కువైతే తప్పు చేసెయ్యడమే.

ఫిల్మ్‌నగర్ బస్సులో నా పక్కవరస సీట్లో ఒక యాభై ఏళ్లాయన కూర్చున్నాడు. ఎదురుగా రాంగ్ రూటులో ఒక కారు దూసుకొచ్చింది. ఆయన కూర్చున్నచోటే కుడికాలితో నేలను గట్టిగా తొక్కాడు.

"డ్రైవరా?" అన్నాను.

"ఉంటి మేడం. లైసెన్సు గుంజుకున్నరు. వాచ్‌మన్ పని అడగనీకి పోతున్న. మా సారు సినిమాలు తీస్తడు. యూటర్న్ దాకా ఎందుకురా, రాంగ్‌ల పో, ఫైన్ నేను కడ్త అంటుండె. పోయిన నెల ఒక ముసలాయనను గుద్దిన. కాలు విరిగింది."

"మరి మీ సారు?"

"మాట తప్పలే. ఫైన్ కట్టిండు. కొత్త డ్రైవర్ని పెట్టుకున్నడు."

నాకు ఒళ్లు మండింది. శిక్షను కరెంటు బిల్లులా కట్టిపారేసి, కట్టలేనిదంతా పనివాడి నెత్తిన రుద్దే ఆ జాతిని బస్సంతా వినేలా కడిగేశాను. ఆయన ఓపిగ్గా విని నవ్వాడు.

"జర చెప్పుండ్రి మేడం, మీరెన్నడు ఆటోవాళ్లకు గట్ల అనలేదా?"

ఆ ఉదయమే కాలేజీ దగ్గరి మలుపులో అన్నాను, క్లాసుకు ఆలస్యమవుతోందని.

ఇప్పటికీ ఆ మలుపు దగ్గర ఆటోవాళ్లు, రాంగ్‌లో పోనా అన్నట్టు, వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. యూటర్న్ దాకా పోనిమ్మంటాను. డబ్బు ఎక్కువై పిచ్చెక్కినదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీ.