క్యాన్ అన్న ఒక్క మాట

ఈ ఉదయం వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాక్ కింద దురియన్ పండ్ల దుకాణం పెట్టారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే, గ్యాస్ లీకైనట్టుండే ఆ ఘాటు ముఖాన కొట్టింది. అందరూ ముక్కు మూసుకునో లొట్టలు వేసుకుంటూనో వెళ్లిపోతారు. నేను మాత్రం నిలబడి రెండుసార్లు గాలి పీల్చాను. దురియన్ అయితే రెండోసారికి కాస్త తీపి తగులుతుంది, గ్యాస్ అయితే తగలదు. ఈ విద్య నాకు నేర్పింది గోవిందు అంకుల్. ఆయన పోయి నాలుగు నెలలైంది. దురియన్ కాలంలో గ్యాస్ లీకవుతోందంటూ మా షాపుకు ఫోన్లు వచ్చేవి. ఆయన ఒక్కదాన్నీ నవ్వి తోసెయ్యలేదు. సంచి భుజాన వేసుకుని వెళ్లి, పైపు అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూసి, పక్కింటివాళ్లు పండు కోశారని తేల్చి, వాళ్లు పెట్టిన రెండు తొనలు తిని మరీ వచ్చేవారు.

అంకుల్ ఈ దేశంలోనే పుట్టారు. వాళ్ల తాత విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చారట. ఆయన తెలుగులో అరవమూ మలయ్ మాటలూ కలిసిపోయి ఉండేవి. అవునంటే ‘ఆమా’, కుదరదంటే ‘తా బోలే’. కాఫీకి వెళ్దామన్నా, కస్టమరుతో తగువొచ్చినా అదే మెత్తని గొంతు. గ్యాస్‌తో నీళ్లు కాచే హీటర్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఈ ఊళ్లో గ్యాస్ పని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. మా చిన్న షాపులో ఆ కార్డు ఉన్నది ఆయన ఒక్కరికే. మా ఆయన వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఉద్యోగానికి వెళ్లిపోతే నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఫోన్లు ఎత్తడానికి మనిషి కావాలని అంకుల్ అంటే సంతోషంగా చేరిపోయాను. మాది ప్రొద్దుటూరు. నోటి ధాటికి కొదవ లేదు. ఆ ధాటే ఒకరోజు ఆయన మెడకు చుట్టుకుంది.

షాపులో ఇంకో మనిషి యాదగిరి. కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు, ముప్ఫై దాటినవాడు. నీళ్ల పైపులు విప్పడం, బిగించడం, హీటర్లు గోడకు ఎత్తడం అతని పని. గ్యాస్ వైపు మాత్రం అంకుల్ చేస్తుంటే చూడటమే. చేతిలో ఎంత నేర్పు ఉండేదంటే, నట్టు వంక చూసి సరిపోయే పానా తీసిచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం క్లెమెంటి నుంచి ఫోను వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేసే గుంటూరు అబ్బాయి. నెల బిడ్డ ఉంది, వేడినీళ్లు రావడం లేదు, ఎవరో చూసి గ్యాస్ వాల్వు పోయిందన్నారట. అంకుల్ ఊరి అవతలి కొసన ఇంకో పనిలో ఉన్నారు. యాదగిరి నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

“గా వాల్వు మార్చుడు పావుగంట పనక్కా. సార్ చేస్తుంటే నూరుసార్లు చూసిన” అన్నాడు.

అదే ఫోనులో చెప్పాను. అవతలి అబ్బాయి, “సార్ లేకుండా ఆయన ఒక్కరే వచ్చి మారిస్తే క్యాన్ ఆ అండీ?” అని ఇక్కడి వాడుక ఇంగ్లీషు కలిపి అడిగాడు.

“క్యాన్” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

యాదగిరి వెళ్లాడు, మార్చాడు, వచ్చాడు. వేడినీళ్లు వస్తున్నాయని ఆ అబ్బాయి ఫోను చేసి దండాలు పెట్టాడు. సాయంత్రం అంకుల్ రాగానే ఘనకార్యం చేసినదానిలా పని కాగితం ఆయన ముందు పెట్టాను. అంతా నింపేశాను, లైసెన్సు ఉన్నవారి సంతకం ఒక్కటే మిగిలింది.

ఆయన కాగితం చదివి కళ్లజోడు తీశారు. “దీన్ని ఎవరు మార్చినారమ్మా?”

“యాదగిరి మార్చినాడు, అంకుల్. శుభ్రంగా పని చేస్తా ఉందంట. మీరు సంతకం పెడితే అయిపోతాది.”

“నేను చూడలేదే” అన్నారు. అంతే. ముందు క్లెమెంటికి ఫోను చేసి, తాను వచ్చేదాకా గ్యాస్ కట్టెయ్యమని చెప్పారు. తాగబోతున్న కాఫీ అలాగే వదిలి లేచారు. మమ్మల్నిద్దరినీ కూడా రమ్మన్నారు.

రైల్లో కూర్చున్నాక చెప్పారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకు అనిపించింది. “ఆ అబ్బాయి అడిగింది యాదగిరికి పని వచ్చునా అని కాదమ్మా. అతను మారిస్తే సరేనా అని. తెలుగులో రెండు మాటలు ఉన్నాయి కదా. చేయగలడు ఒకటి, చేయవచ్చు ఒకటి. ఇక్కడ రెండింటికీ క్యాన్ ఒకటే. నువ్వు మొదటిదానికి జవాబు చెప్పినావు. ఆ అబ్బాయి రెండోది విన్నాడు.”

ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన నాకు, తెలుగు బడి మొహం చూడని మనిషి తెలుగు చెప్పాడు.

ఆ ఇంట్లో ఆయన మొదట చేసిన పని ఆ అబ్బాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. లైసెన్సు లేని మనిషి గ్యాస్ పని చేశాడని, తప్పు తన షాపుదని చెప్పారు. ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. లోపలి గదిలోంచి బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. అంకుల్ తలవంచుకుని మాటలు పడ్డారు. తర్వాత వాల్వు విప్పి, మళ్లీ బిగించి, అతుకులకు సబ్బునీళ్లు పూసి, బుడగ రాదని తేలేదాకా దాని ముందే నిలబడ్డారు.

కిందికి దిగాక యాదగిరి ఉండబట్టలేక అడిగాడు. “నా పనిల తప్పుందా సార్? ఉంటె చెప్పున్రి.”

“లేదు. నేను చేసినా అంతే చేస్తును” అన్నారు అంకుల్. “అయినా అది నీ పని కాదు యాదగిరీ. నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు, ఆ బిడ్డ తల్లికి ఎట్లా తెలుసు? ఆమె మన షాపుకున్న కార్డును నమ్మి తలుపు తీసింది.”

అక్కడితో ఆగిపోతే ఎవరికీ తెలిసేది కాదు. మర్నాడు ఆయన, జరిగింది జరిగినట్టు చెబుతూ లైసెన్సు ఇచ్చే ఆఫీసుకు నన్ను ఉత్తరం రాయమన్నారు. కార్డు పోతే షాపు మూతపడుతుంది, యాదగిరి ఊరికి తిరిగి వెళ్లాలి. ఆ రెండూ నా ఒక్క మాట వల్ల. “వద్దు అంకుల్” అని బతిమాలాను. “తా బోలే” అన్నారు. చిన్న పార్టు మార్చడంలో పొరపాటు జరిగిందని నేను నాజూగ్గా రాస్తే, “గ్యాస్ పోయే దారిలో చిన్న పార్టు ఏదమ్మా?” అని తిరగ రాయించారు. ఉత్తరంలో యాదగిరి పేరు లేదు, నా పేరు లేదు. లైసెన్సు లేని మనిషిని పంపింది తానే అన్నట్టు రాయించారు.

జవాబు రావడానికి చాలా వారాలు పట్టింది. అన్ని రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా నీ వల్లే కదా అనలేదు. రోజూ పోస్టు పెట్టె తెరిచేటప్పుడు మాత్రం ఒక క్షణం ఆగేవారు. అది చూసి నేను బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చేదాన్ని. చివరికి ఆఫీసువాళ్లు గట్టి హెచ్చరికతో వదిలేశారు. ఆ రోజు ఆయన మా ఇద్దరికీ పరోటాలు తినిపించి, నా చేతిలో ఒక ఫారం పెట్టారు. గ్యాస్ పని నేర్పే శిక్షణది.

“నాకెందుకు అంకుల్, నేను ఫోన్లు ఎత్తేదాన్ని” అన్నాను.

“ఫోన్లో క్యాన్ అనేది నువ్వే కదా. ఏది క్యానో తెలుసుకుంటే మంచిది.”

అలా పానా పట్టాను. మొదటి పరీక్ష తప్పాను, రెండోసారి గట్టెక్కి కార్డు తెచ్చుకున్నాను. యాదగిరి ఆ తర్వాత కూడా చాలాకాలం మాతో ఉన్నాడు. ఎవరైనా గ్యాస్ వైపు చెయ్యి వెయ్యమంటే, “నాకస్తది సార్, గని నేను చెయ్యద్దు” అనేవాడు. ఆ మాటలో చిన్నతనం ఏమీ వినిపించేది కాదు.

కొన్నేళ్లకు అంకుల్ చెయ్యి వణకడం మొదలైంది. ఎవరూ చెప్పకముందే లైసెన్సు మళ్లీ తీసుకోవడం మానేశారు, షాపు నాకు అప్పగించారు. కిందటేడు ఒక ఉదయం షాపు నంబరుకే ఫోను చేసి, తన హీటరు వెలగడం లేదని, లైసెన్సు ఉన్నవాళ్లను పంపమని అడిగారు. వేళాకోళం అనుకుని నవ్వాను. వెళ్లి చూస్తే హీటరు మూత స్క్రూ ఒక్కటి కూడా ఆయన కదిలించలేదు. రెండు రోజులుగా చన్నీళ్లే పోసుకుంటున్నారట. నలభై ఏళ్లు ఆ పనే చేసిన మనిషి.

“టార్చి పట్టుకుంటాను. దానికి లైసెన్సు అక్కర్లేదులే” అన్నారు. కుళాయి తిప్పగానే చెవి ఒగ్గి, “రబ్బరు పొర చిరిగింది. శబ్దం వినలేదా?” అన్నారు. ఆయన చెవి మీద నాకు అపనమ్మకం ఎందుకుంటుంది? కాగితం తీసి కారణం అన్న చోట రబ్బరు పొర అని రాయబోయాను.

“చూసినావా?” అన్నారు.

“మీరు చెప్పినారు కదా అంకుల్.”

“నేను చెప్పింది వదిలెయ్. తెరిచి చూడు.”

తెరిచాను. రబ్బరు పొర నిక్షేపంగా ఉంది. దాని వెనక సన్నని కడ్డీ ఒకటి చిలుము పట్టి బిగుసుకుపోయింది. ఆయన టార్చి దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశారు. వెలుగు వణుకుతోంది. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఏదో కుంగింది. నేను చూపు తిప్పుకున్నాను. తర్వాత నా భుజం తట్టి, “సరి, ఇప్పుడు రాయి” అన్నారు.

కడ్డీ అని రాసి, కింద సంతకం పెట్టాను. ఈ లోకంలో నేను ఎవరి మాటను కళ్లు మూసుకుని నమ్ముతానో, ఆయన మాట మీద కూడా సంతకం పెట్టకూడదని ఆయనే నాకు నేర్పి వెళ్లారు.