నలభై ఆరో నంబరు ఉన్ని చెప్పులు

పొద్దున ఆరున్నర. పేరుకి ఏప్రిల్ గానీ, వాన పడాలా మంచు పడాలా అన్నది తేల్చుకోలేక రెండూ కలిసే పడుతున్నాయి. ఒటకర్ ఇంట్లో ఏమీ తినకుండా కొండెక్కాడు. తినడానికి లేక కాదు. ఆ రోజు మంగళవారం. మంగళవారం లిబుషే అక్క గసగసాల బన్నులు చేసి తెస్తుంది. నాలుగు బన్నులు పట్టే కడుపుని ముందే రొట్టెముక్కతో పాడుచేసుకోవడం అతనికి ఇష్టం లేదు.

కోట గేటు దగ్గర ఆవిడ ఎదురొచ్చింది. మొహం చూడలేదు, కాళ్ళు చూసింది.

"నలభై ఆరు," అంది.

వాళ్ళిద్దరికీ నమస్కారం అంటే అదే. పంతొమ్మిదేళ్ళుగా అంతే.

ఒటకర్ పని కప్పు కారితే ఎక్కడం, బాయిలర్లో బొగ్గు వేయడం, తక్కినవాళ్ళు చెయ్యననేవన్నీ చేయడం. లిబుషే పని ఒక్కటే. కోట చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ బూట్ల మీద తొడుక్కోడానికి ఉన్ని చెప్పులివ్వాలి. పెద్ద హాల్లో చెక్క నేల ఉంది. దాని మీద గీత పడకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ముక్కాలిపీట మీద దిండు వేసుకుని కూర్చుని, వచ్చినవాడు ఎంతటివాడైనా తలెత్తకుండా, కాళ్ళు చూసి జత తీసి ముందు పడేస్తుంది.

"నాది నలభై రెండండీ," అన్నాడొకసారి ప్రాగ్ నుంచి వచ్చిన ఒకాయన.

"నలభై మూడు. బూట్లమ్మినవాడు నిన్ను మోసం చేశాడు," అంది.

ఆ హాల్లోనే పెళ్ళి చేసుకోడానికి వచ్చిన ఒక పెళ్ళికూతురు ఎత్తు మడమల జోళ్ళతో లోపలికి పోబోతే ఆపేసింది. తెల్ల గౌను కింద బూడిదరంగు ఉన్ని చెప్పులతోనే ఆ పిల్ల పెళ్ళి జరిగింది. ఫోటోలన్నిటిలో ఆ చెప్పులే ముందు కనపడతాయి. ఆ పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు. నేల మీద మాత్రం గీత లేదు.

ఆదివారం సాయంత్రం గేటు వేశాక ఎనభై జతలూ పెరట్లోకి తెచ్చి, తివాచీలు దులిపే బెత్తంతో ఒక్కొక్కటీ బాది, బ్రష్షుతో దువ్వుతుంది.

"ఇంతమంది నడిచి నడిచి నేలకి మెరుగు పెడుతున్నార్రా. ఎక్కడైనా కూలివాళ్ళు టికెట్టు కొనుక్కుని మరీ పనికొస్తారా?" అనేది.

ఇలా ఉండగా పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఉన్ని చెప్పుల్లో ఇసుక చేరుతుందట, బూట్ల కన్నా అవే ఎక్కువ గీస్తాయట. మంగళవారం ఇంజనీరు వచ్చి చూస్తారు. చెప్పులు శుభ్రంగా ఉంటే ఉంటాయి. లేకపోతే వాటిని తీసేసి తివాచీ పరుస్తారు, లిబుషేని ఐస్‌క్రీం అమ్మే కిటికీలో కూర్చోబెడతారు.

"ఆ కిటికీలోంచి ఎవడి కాళ్ళూ కనపడవురా," అంది ఒటకర్‌తో.

ఆ మంగళవారమే ఇది. ఏడింటికి ఒటకర్ కప్పెక్కి గొట్టాల్లో ఆకులు తీశాడు. కుడిబూటు అడుగు పగిలి ఉంది. దిగేసరికి కాళ్ళు రెండూ కొయ్యలైపోయాయి. బూట్లు బాయిలర్ పక్కన ఆరబెట్టి, చెప్పుల పెట్టెలోంచి నలభై ఆరో జత తెచ్చి తొడుక్కున్నాడు. పెట్టెలో ఆ సైజుది అదొక్కటే. వాటితోనే గంటసేపు బొగ్గు ఎత్తిపోశాడు. వెచ్చగా ఉన్నాయి.

"ఒరే ఒటకర్! బన్నులు చల్లారిపోతున్నాయి! కేకేస్తే గానీ రావా ఇవాళ? ఎప్పుడూ వాసనకే వచ్చేవాడివి!"

కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. బూట్లు తగిలించుకుని, దారిలో ఆ జతని పెట్టెలో పడేశాడు. తిన్నాక దులుపుదాంలే అనుకున్నాడు.

"ఐదోదా?" అంది లిబుషే. "ఏంట్రా, దిగులా?"

"నాకెందుకక్కా దిగులు. పరీక్ష నీకు గదా."

"నాకూ లేదు. కావాలంటే ఆ పెట్టె నాకి చూడమను."

ఐదో బన్ను నోట్లో ఉండగానే కారొచ్చింది. ఇంజనీరమ్మ గొడుగు దులుపుకుని, బల్ల మీద తెల్లకాగితం పరిచింది. వెనక కోట మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏ జత చూడమంటారు?"

"మీ ఇష్టం. చెయ్యి దేని మీద పడితే అది," అంది లిబుషే.

చెయ్యి పై జత మీద పడింది. ఇంజనీరమ్మ దాన్ని తిరగేసి రెండు దెబ్బలు కొట్టింది. కాగితం మీద మిరియాల పొడి జల్లినట్టు నల్లగా రాలింది.

"ఇంకో జత కూడా చూస్తే..." అన్నాడు మేనేజరు.

"రూలు ప్రకారం ఒక్కటే," అందావిడ, రాసుకుంటూ.

లిబుషే ఆ చెప్పు అందుకుంది. నంబరు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత ఒటకర్ కాళ్ళ వైపు చూసింది. అతని నోటినిండా బన్ను ఉంది. మింగి చెబుదామనుకున్నాడు. మింగేసరికి కారు గేటు దాటింది.

మర్నాడు పొద్దున కూడా ఆవిడ "నలభై ఆరు" అంది. తర్వాతి మంగళవారం కూడా బన్నులు తెచ్చింది. ఒటకర్ రెండే తిన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు.

చివరికి మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"అది ఇసుక కాదండీ. బొగ్గు. నా పని."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాగితంలో 'గరుకు పదార్థం' అని ఉంది ఒటకర్. బొగ్గు గరుకు కాదా?"

"గరుకేనండీ."

"మరి? సంతకాలు కూడా అయిపోయాయి. నువ్విప్పుడు ఇలా అంటే నీ మీదా ఒక కాగితం రాయాలి. నాకొద్దు, నీకూ వద్దు. ఆ కప్పు సంగతి చూడు."

ఒటకర్ వెళ్ళి కప్పు సంగతి చూశాడు.

మే నెల చివరి ఆదివారంతో చెప్పులు ఆఖరు. తివాచీ చుట్ట అప్పటికే వచ్చి గోడకి ఆనించి ఉంది. ఆ రోజు వంద మంది దాకా వచ్చారు. లిబుషే అందరి కాళ్ళూ చూసి ఇచ్చింది. గేటు వేశాక ఎప్పట్లాగే ఎనభై జతలూ పెరట్లో వేసి బాదింది. ఇక వాటిని తొడుక్కునేవాళ్ళు లేరు. అయినా దువ్వి, నంబర్ల వరసలో పెట్టెలో సర్దింది. సోమవారం కోటకి సెలవు. మంగళవారం నుంచి ఐస్‌క్రీం కిటికీలో కూర్చుంటాననీ అనలేదు, కూర్చోననీ అనలేదు.

ఒటకర్ గేటు దగ్గర నిలబడ్డాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు. "అక్కా, ఆ బొగ్గు నాది," అన్న ముక్క పొద్దున్నుంచీ నోట్లో తిప్పుతూనే ఉన్నాడు.

ఆవిడ తాళంచెవి మేకుకి తగిలించి వచ్చింది. పీట మీది దిండు చంకలో ఉంది. అది చూశాక, ఐస్‌క్రీం కిటికీలో ఆవిడ కూర్చోదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అతని ముందు ఆగింది. కాళ్ళు చూసింది, కొత్త బూట్లు, చాలాసేపు. నంబరు అంటుందేమో, అన్నాక తన మాట చెబుదామని ఒటకర్ కాచుకున్నాడు.

ఆవిడ దిండు రెండో చంకలోకి మార్చుకుని కొండ దిగిపోయింది.

కొండ కింద ఆవిడ ఎక్కే బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది. ఒటకర్ గేటు దగ్గరే నిలబడ్డాడు.