మా పిల్ల వీక్ మేడమ్

మా అమ్మాయి ఇంగ్లిషులో తప్పులు రాసేది. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్ల తరబడి ఇంగ్లిషు చెప్పిన టీచరు కూతురై ఉండి తప్పులు రాస్తుందా అని ఐర్లాండులో మేముండే ఈ నేవన్ ఊళ్లో ఒకరిద్దరు తెలుగు ఆంటీలు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. నేను పాఠం చెప్పే బళ్లోనే, తెలుగు మీడియంలోనే దాన్ని చదివించాను. ఊళ్లో పిల్లలందరికీ సరిపోయిన బడి నా పిల్లకి మాత్రం ఎందుకు సరిపోదు? మళ్లీ ఒంగోలులో ఉంటే మళ్లీ అక్కడే వేస్తాను.

మా ఆయన లీక్స్‌లిప్‌లో చిప్‌లు తయారుచేసే పెద్ద కంపెనీలో ఇంజినీరు. ఆయన ముందొచ్చాడు, నేనూ పిల్లా తర్వాత వచ్చాం. దాన్ని ఇక్కడి హైస్కూల్లో థర్డ్ ఇయర్‌లో చేర్చుకున్నారు. క్లాసులో నోరు విప్పుదామా వద్దా అని అది ఇంకా ఆలోచిస్తూ ఉండగానే కరోనా వచ్చి బడి మూసేశారు. క్లాసు మా వంటింటి బల్ల మీదికి వచ్చింది. మధ్యలో కొన్నాళ్లు మాస్కులు కట్టుకుని వెళ్లొచ్చింది గానీ క్రిస్మస్ అయ్యాక మళ్లీ మూత. భాష వచ్చేది పాఠాలతో కాదు, తోటిపిల్లలతో పోట్లాడితే వస్తుంది. మైకు ఆపేసి తెర ముందు కూర్చున్న పిల్ల ఎవరితో పోట్లాడుతుంది? నాతో తప్ప. నాతో పోట్లాట తెలుగులో.

దాని తప్పులన్నీ నాకు చుట్టాల్లాంటివి. 'ద' అనే మాట ఎక్కడ పెట్టాలో దానికి తెలియదు. మనింట్లో ఎప్పుడూ లేని సామాను ఏ అరలో సర్దాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది? 'డిస్కస్ ఎబౌట్' అంటుంది. 'ఐయామ్ హ్యావింగ్ డౌట్' అంటుంది. 'హి టోల్డ్ దట్' అని మొదలుపెడుతుంది. వీటి కింద ఎర్ర సిరాతో గీతలు గీసి గీసి నా వేళ్లు కాయలు కాశాయి. ప్రతి తప్పు వెనకా ఒక తెలుగు వాక్యం నిటారుగా నిలబడి ఉంటుందని నాకు తెలుసు. ఆలోచన తప్పు కాదు, చొక్కా గుండీలు ఒకటి ఎగుడూ ఒకటి దిగుడూ పెట్టుకుంది, అంతే.

మా ఎదురింటాయన నేవన్‌లోనే పుట్టి పెరిగినవాడు. మాకు కోవిడ్ వచ్చి ఇంట్లోనే ఉండిపోతే మా చెత్తడబ్బాలు రోడ్డు మీదికి ఆయనే తీసుకెళ్లి పెట్టాడు, మంచి మనిషి. ఆయన 'ఐ సీన్ హిమ్' అంటాడు. మా ఒంగోలు పిల్లలు అలా రాస్తే నేను సున్నా చుట్టేదాన్ని. ఆయన మాట కింద ఎవరూ గీత గీయరు. తాతల నాటి నుంచి ఇక్కడున్నవాళ్లు అంటే అది యాస, నిన్న విమానం దిగినవాళ్లు అంటే అది తప్పు. ఈ న్యాయం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఉద్దేశమూ లేదు.

థర్డ్ తర్వాత ఒక ఏడు దాటెయ్యొచ్చు ఇక్కడ, మా పిల్ల అలా నేరుగా ఫిఫ్త్ ఇయర్‌కి వచ్చింది. అక్కడ ఇంగ్లిషుకి రెండు దారులు. హయ్యర్, ఆర్డినరీ. ఆర్డినరీలో ఎంత బాగా రాసినా కాలేజీకి కావలసిన పాయింట్లు తక్కువే వస్తాయి. మా పిల్ల లా చదువుతానంటుంది. కుక్కరు మూడో కూత ఎందుకు వెయ్యలేదో దాన్నే నిలదీసే రకం, లా కాక ఇంకేం చదువుతుంది! హయ్యర్‌లో లేకపోతే ఆ సీటు ఆశ వదులుకోవలసిందే. పైగా అంతకుముందు ఏడు బడి చివర్లో రాసే పెద్ద పరీక్ష పెట్టకుండా టీచర్లే గ్రేడులు వేశారు, ఈ ఏడూ, మా పిల్ల రాయబోయే వచ్చే ఏడూ అలాగే కావచ్చునని అందరూ అనుకుంటున్నారు. అంటే ఇంగ్లిషు టీచరమ్మ మనసులో మా పిల్ల ఏ గదిలో ఉందన్నదే దాని చదువు.

అలాంటి రోజుల్లో తల్లిదండ్రుల మీటింగ్ ఫోన్లో పెట్టారు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చొక్కా కూడా మార్చుకోకుండా వంటింట్లో నిలబడి స్పీకర్ ఆన్ చేశాడు. నేను పోపు వేస్తున్నాను. టీచరమ్మ గొంతు మెత్తగా ఉంది. మీ అమ్మాయి చాలా మంచిది, నెమ్మదస్తురాలు అంది. ఈయన వెంటనే అందుకున్నాడు.

"నో నో మేడమ్. షి ఈజ్ వెరీ వీక్. వెరీ లేజీ ఆల్సో. ప్లీజ్ బి స్ట్రిక్ట్ మేడమ్."

నాకేమీ కొత్తగా అనిపించలేదు. మా బళ్లో జూన్ నెలంతా ఇదే పాట. ప్రతి తండ్రీ పిల్లాడి రెక్క పట్టుకుని తెచ్చి, "మొద్దు వెధవ మేడమ్, తోలు తీయండి, ఎముకలు మిగిలిస్తే చాలు" అనేవాడు. ఆ పిల్లాడు క్లాసులో మొదటివాడైనా అదే మాట. కన్నబిడ్డని పంతులు ముందు పొగిడితే దిష్టి, పైగా పొగరు. అందుకని తండ్రి తిడతాడు. అప్పుడు టీచరు "అబ్బే, అదేం మాటండీ, మీవాడు బంగారం" అనాలి. తండ్రి "ఏం బంగారమోలెండి" అని గొణుక్కుంటూ, రోడ్డెక్కాక నవ్వుకుంటూ పోతాడు. మర్నాడు మా ఇంటికి ఓ సంచీడు మునక్కాయలో జామకాయలో వచ్చేవి. తిట్టు తండ్రి వంతు, కాదనడం టీచరు వంతు. పిల్లాడు మధ్యలో నిలబడి రెండూ వినేవాడు.

ఐర్లాండు టీచరమ్మకి తన వంతు ఏమిటో ఎవరు చెప్పారు? ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఇంత నిజాయితీగా చెప్పినందుకు ధన్యవాదాలు" అని ఫోన్ పెట్టేసింది. మా ఆయన ఫోన్ వంక చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాడు. రావలసిన మాట రాలేదు.

వారం తిరక్కుండా స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. రాతలో తప్పులు ఎక్కువగా ఉన్నందువల్లా, ఇంటి అభిప్రాయం కూడా అదే అయినందువల్లా అమ్మాయిని ఆర్డినరీకి మార్చడం మంచిదని అనుకుంటున్నాం, మీ మాట తెలపండి అని. ఇంటి అభిప్రాయం! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందండీ ఇది? ఎవరి అభిప్రాయం?" అన్నాను.

"నేనేమన్నానే? అందరూ అనేదేగా అన్నాను. ఆమె అట్టా తీసుకుంటదని నాకేం తెలుసు?" అన్నాడు. ముఖం చిన్నబోయింది. అయినా మళ్లీ ఆయనే, "పోనీలే, టీచరు మాట కాదంటే ఏం బాగుంటది? ఊరుకున్నంత ఉత్తమం లేదు" అన్నాడు.

"ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. ముందు మీరు గుండు చేయించుకోండి, తర్వాత నేను ఊరుకుంటా" అన్నాను.

పిల్ల ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. 'దూరం' మీద వ్యాసం రాయమంటే అది రాసిన వ్యాసం తెర మీద ఉంది, టీచరమ్మ పెట్టిన ఎర్ర గీతలతో సహా. ఆ రోజుల్లో ఐదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. పని ఉన్నవాళ్లని కూడా గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, రోడ్డు మీద ఆపి అడిగేవారు. నాన్నని అలా ఆపినప్పుడు తను పక్క సీట్లో ఉన్న రోజు గురించి రాసింది. తనని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు అది. గార్డు కుర్రాడు నవ్వుతూనే అడిగాడు, నాన్న మాత్రం ఊపిరి తీసుకున్నప్పుడల్లా సార్ అన్నాడు. 'మా నాన్నకి ఆఫీసుకి దారి తెలుసు, సార్ అనడం ఆపే దారి తెలియదు' అని ఒక వాక్యం. తెలుసు అన్నచోట 'ఈజ్ నోయింగ్' అని రాసింది, తెలియదు అన్నచోట 'ఈజ్ నాట్ నోయింగ్'. రెండింటి కిందా గీతలున్నాయి. వాక్యం గురించి ఒక్క ముక్క లేదు.

నా సర్వీసులో అంత మంచి వాక్యం రాసిన పిల్లలు ఎంతమంది ఉన్నారని వెతుక్కున్నాను. ఎవరూ తగల్లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారేమో. అననీ. కాకికి కళ్లుండవా?

వీడియోలో మాట్లాడాలి అని టీచరమ్మకి రాశాను. శుక్రవారం మధ్యాహ్నం రమ్మంది. మా ఆయనకి ఆ రోజు సెలవు. పొద్దున్నుంచీ నా వెనకే తిరిగాడు. "నువ్వు దాన్ని మరీ ఎత్తమాక. నరుడి కంటికి నాపరాయి కూడా పగులుద్దంటారు. నెమ్మదిగా, బతిమాలినట్టు మాట్లాడు" అన్నాడు.

"బతిమాలను" అన్నాను. ఆయన తలుపు అవతల, హాల్లో కూర్చున్నాడు.

టీచరమ్మ కూడా తన వంటింట్లోనే ఉంది. వెనకాల తడిబట్టలు ఆరేసిన స్టాండు, దాని కింద నిద్రపోతున్న కుక్క. నాకు ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది. నేనూ పిల్లా పక్కపక్కన కూర్చున్నాం.

"నా కూతురు తెలివైనది" అన్నాను ఇంగ్లిషులో, నమస్కారం తర్వాత మొదటి మాటగా. ఒక టీచరు ఎదుట ఏ తల్లీ అనగా నేను వినని మాట అది. తలుపు అవతల ఈయన దగ్గాడు. "తను వీక్ కాదు. తప్పులు రాస్తుంది, నిజమే. ఆ తప్పులు నేను ఒంగోలులో వందల పిల్లల దగ్గర చూశాను. అవి కాలంతో పోతాయి. ఆ వాక్యంలో ఉన్నది మాత్రం నేర్పితే వచ్చేది కాదు."

టీచరమ్మ ఓపిగ్గా విన్నది. "నాకు తనంటే ఇష్టమే. కానీ హయ్యర్‌లో ఒత్తిడి ఎక్కువ. ఆర్డినరీలో తను గ్రాండ్‌గా ఉంటుంది" అంది. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ల మాటలో హాయిగా అని.

"గ్రాండ్‌గా ఉండడానికి కాదు మేము వచ్చింది" అన్నాను. గొంతు కొంచెం లేచింది. లేచినందుకు నాకేం బాధ లేదు.

ఆవిడ ఇబ్బందిపడింది. "కానీ తన తండ్రే చెప్పారు కదా..."

అప్పుడు పక్కనుంచి మా పిల్ల చెయ్యి ఎత్తింది, క్లాసులో లాగా. "మిస్, మై ఫాదర్ టోల్డ్ దట్ ఐయామ్ వీక్. హి టోల్డ్ సేమ్ థింగ్ టు మై ఆల్ టీచర్స్" అని మొదలుపెట్టింది. ఒకటో తరగతి నుంచీ అందరికీ అదే చెప్పాడు అంది. మా ఊళ్లో నాన్న అలా అంటే, నా పిల్లని జాగ్రత్తగా చూసుకోండి అని అర్థం అంది. "అప్పుడు టీచర్ నో, నో, షి ఈజ్ గుడ్ అనాలి మిస్. మీరు థ్యాంక్యూ అన్నారు. నాన్న ఇంకా వెయిట్ చేస్తున్నాడు."

అదంతా తప్పుల ఇంగ్లిషే. ఎన్ని తప్పులో నా చెవికి తెలుసు. ఒక్కటీ దిద్దలేదు నేను, పెదవి కూడా కదపలేదు. ఆ పిల్ల అంతసేపు ఇక్కడి టీచరుతో మాట్లాడడం అదే మొదలు. మాట మధ్యలో ఎక్కడా ఆగలేదు.

టీచరమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేను ఆయనకి థ్యాంక్స్ చెప్పాను" అంది తనలో తనే. తర్వాత నిటారుగా కూర్చుని, "మీ నాన్నని పిలుస్తావా?" అంది.

పిలవనక్కర్లేకపోయింది. తలుపు తీసుకుని వచ్చేశాడు. మా ఇద్దరి వెనక వంగి నిలబడి, "యెస్ మేడమ్, సారీ మేడమ్" అన్నాడు, ఎందుకు సారీయో ఆయనకే తెలియాలి.

"మీ అమ్మాయి వీక్ కాదు" అంది టీచరమ్మ, ఒక్కో మాట విడివిడిగా. "తను హయ్యర్‌లోనే ఉంటుంది. నో, నో. షి ఈజ్ గుడ్." తర్వాత పిల్ల వైపు చూసి, "తప్పులన్నిటి కిందా గీతలు గీస్తూనే ఉంటాను మరి. ఒక్కటీ వదలను" అంది.

"గీయండి మిస్, నేను రాస్తాను" అంది ఇది.

మా ఆయన నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు, పిల్లకీ తెలుసు. ఇద్దరం వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూశాం. "నో నో మేడమ్, షి ఈజ్ వెరీ..." దగ్గర ఆగిపోయాడు. కళ్లు తడయ్యాయి.

"గుడ్ గర్ల్ ఓన్లీ మేడమ్" అన్నాడు.

ఆ మాట అన్నాడో లేదో భయం పట్టుకున్నట్టుంది. గబగబా పొయ్యి పక్కన, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అలమర తలుపు తీసి, డబ్బాలోంచి పిడికెడు రాళ్లుప్పు తీసుకుని, పిల్ల చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో దిష్టి తీసేది ఎప్పుడూ నేనే, ఆయనకి ఎటు తిప్పాలో కూడా సరిగ్గా రాదు. తెర మీద టీచరమ్మ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఆవిడ కుక్క కూడా లేచి కూర్చుంది.

నేను కెమెరా ఆపబోయాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీమ్మా. చూడనీ."