తిమ్మమ్మ ఎవరి చేతికీ ఇవ్వని గింజ

నల్లమాడకు పడమట మూడు మైళ్ళలో, రాళ్ళగుట్టను ఆనుకొని ముప్పై ఇళ్ళ పల్లె ఒకటి ఉంది. తిమ్మమ్మ ఆ పల్లెకు కోడలిగా వచ్చిన ఐదో ఏటే మొగుడు విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచినా ఆమె పోలేదు. అత్త సుంకమ్మ దగ్గరే ఉండిపోయింది.

గుట్ట నిండా సీతాఫలం చెట్లే. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. చుట్టూ వేరుశనగ చేలు మాడిపోయి నేల నెర్రెలు విచ్చిన ఏడు కూడా ఆ గుట్ట పచ్చగానే కనిపించేది. ఆకలికి గడ్డివేళ్ళు కూడా పెకలించి తినే మేకలు ఆ ఆకును మాత్రం వాసన చూసి వదిలేసేవి.

"మేక ముట్టనిదాంట్లో ఏమో ఉంటాది. దాంతో జాగ్రత్తగా ఉండు." సుంకమ్మ కోడలికి మొదట నేర్పిన మాట ఇది.

ఆ చెట్టు గురించి సుంకమ్మకు తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఎద్దు పుండులో పురుగులు పడితే ఆకు నూరి కట్టేది. ఎండకు సొమ్మసిల్లినవాళ్ళ ముక్కు దగ్గర అదే ఆకు నలిపి పట్టేది. సెగ్గడ్డ పక్వానికి రాక సలుపుతుంటే మాగిన పండు గుజ్జులో ఉప్పు కలిపి పైన వేసేది. పచ్చికాయను ఎండబెట్టి దంచిన పొడి మజ్జిగలో ఇస్తే విరేచనాలు కట్టేవి. ఉలవల కుండ అడుగున ఎండుటాకు పరిచేది, పురుగు పట్టకుండా. కండ్లు విచ్చిన కాయలను గడ్డిలో మాగవేసి, ఆ గుజ్జు రాగిగంజిలో కలిపి పళ్ళు రాని పిల్లలకు పెట్టేది. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన 1952 కరువులో, పండీ పండని కాయలను నిప్పుల్లో కాల్చుకొని తిని అత్తాకోడళ్ళిద్దరూ రెండు నెలలు గడిపారు. పక్కింటి పిల్లలకూ పెట్టారు.

గింజ సంగతి వేరు. నల్లగా నున్నగా ఉండే ఆ గింజలను సుంకమ్మ విడిగా ఒక చట్టిలో వేసి, మూతకు గుడ్డ కట్టి అటక మీద పెట్టేది. వాటిని దంచి నూనెలో కలిపి తలకు పట్టిస్తే పేలు చచ్చిపోతాయి. ఆ పని మాత్రం ఆమే చేసేది. నుదుటి చుట్టూ గుడ్డ బిగించి కట్టి, మందు పట్టించి, పక్కనే కాపలా కూర్చొని, తల వెనక్కు వంచి తానే కడిగేది. పొడి ఎవరు అడిగినా ఇచ్చేది కాదు.

ఒకరోజు సుంకమ్మ కోడలిని వెంటబెట్టుకొని పక్క ఊరికి పోయింది. అక్కడ రామలక్ష్మమ్మ అనే ఆమె గుడిసె ముందు కూర్చొని ఉంది. రెండు కళ్ళూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. సుంకమ్మ ఆమె ఒళ్ళో రాగిపిండి మూట పెట్టి, కాసేపు మాట్లాడి, తిరుగుదారి పట్టింది. ఊరు దాటాక చెప్పింది.

"పదేండ్ల కిందట ఆ పొడి నా చేత్తోనే ఇచ్చినాను. పెట్టుకుంటాండగా రెండు కండ్లల్లోనూ పడింది. ఆయమ్మ మందును తప్పు పట్టక, దిష్టి తగిలిందనుకుంటాండాది. నేను చచ్చినాక గూడా ఈ మాట ఎవురికీ చెప్పొద్దు. ఆ గింజ ఎవురి చేతికీ ఇయ్యొద్దు."

తిమ్మమ్మ రెండింటికీ ఒట్టు వేసింది. 1958లో సుంకమ్మ పోయింది. చట్టీ, ఒట్టూ తిమ్మమ్మకు మిగిలాయి.

1965లో వాన ముఖం చాటేసింది. వేసిన విత్తనం వేసినట్టే మాడింది. కార్తీకం నాటికి గుట్ట పక్కనుంచి నల్లమాడకు రోడ్డు వేసే కరువు పని మొదలైంది. తనకల్లు వైపు నుంచి కూడా కూలీలు వచ్చి అక్కడే గుడిసెలు వేసుకున్నారు. మా మేనత్త ఆ రోడ్డుకు మట్టి మోసింది. ఈ సంగతులు నాకు చెప్పింది ఆమే.

నూరుమందికి పైగా జనం. రోజుకు ఒక పీపా నీళ్ళు బండి మీద వచ్చేవి. తాగడానికే చాలవు, ఇక స్నానమెక్కడిది? పిల్లల తలల నిండా పేలు. పొద్దుగూకులూ గుట్టమీది కాయలే తినేవాళ్ళు కాబట్టి గుడిసెల మధ్య ఎక్కడ చూసినా ఉమ్మిన గింజలే. మట్టి నల్లబడిపోయింది.

పని చేయించే మేస్త్రీ పేరు ఎర్రప్ప. చెడ్డవాడు కాదు. ఒక పొద్దున తిమ్మమ్మ గడపలోకి వచ్చాడు.

"తిమ్మక్కా, పిల్లోళ్ళు తలలు గీరి గీరి పుండ్లు చేసుకున్నారు. నీ తావ పేలమందు ఉండాదంట గదా. కొంచెం ఇయ్యి."

"పిల్లోళ్ళను ఈడికి పంపు. రోజుకు ఐదుమందికి నేనే పెడతా."

"వాళ్ళమ్మలు పని ఇడిసి ఈడ కూచుంటే రోడ్డు ఎవురేస్తారు? పొడి ఇయ్యి, వాళ్ళే పెట్టుకుంటారు."

"ఇయ్యను."

"యాల ఇయ్యవు?"

రామలక్ష్మమ్మ పేరు తిమ్మమ్మ నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. "ఇయ్యనంటే ఇయ్యనప్పా. పిల్లోళ్ళను పంపు" అని మాత్రం అంది.

ఎర్రప్ప నవ్వాడు. "గుట్టు బయటపడితే నీ పెద్దరికం పోతాదని భయం. సరేలే. ఏం గింజో మాకు తెలీదా?" అని వెళ్ళిపోయాడు.

ఆ పూట తిమ్మమ్మ సంకటి కెలుకుతూ, వెళ్ళి చెప్పాలా అనుకుంది. మర్నాడూ అనుకుంది. వెళ్ళలేదు. మూడో రోజు కట్టెల కోసం గుట్ట ఎక్కి, పైనుంచి కిందికి చూసింది. గుడిసెల దగ్గర బండరాతి గుంటలో ఇద్దరు ఆడవాళ్ళు ఏదో దంచుతున్నారు. పిల్లలు వరసగా కూర్చొని ఉన్నారు. పైనుంచి తిమ్మమ్మ కేక వేసింది. ఎదురుగాలి ఆ కేకను వెనక్కే తోసింది. కట్టెలు పారేసి దిగడం మొదలుపెట్టింది.

ఆమె కిందికి చేరేసరికి ఇద్దరు పిల్లలు కళ్ళు నులుముకుంటూ నేలమీద పొర్లుతున్నారు. ఆముదంలో కలిపిన పొడి నుదుటి మీదినుంచి కారి ఉంది. నుదుటికి గుడ్డ కట్టాలని ఎవరికీ తెలియదు.

"పీపా మూత తియ్" అంది తిమ్మమ్మ.

"అవి తాగే నీళ్ళు. సాయంత్రం దాకా అవే" అన్నాడు ఎర్రప్ప.

"ఇప్పుడు పొయ్యకపోతే వీళ్ళకు పగలూ ఒకటే, రాత్రీ ఒకటే."

ఎర్రప్ప మూత తీశాడు. తిమ్మమ్మ రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకొని చెంబు తర్వాత చెంబు పోసింది. నూరుమంది జనం ఆ రోజు తాగాల్సిన నీళ్ళు మట్టిలోకి ఇంకిపోతుంటే చూస్తూ నిలబడ్డారు.

"ఇంకెవురికన్నా పడిందా?" అని అడిగింది. రెండోసారి అడిగింది. లేదన్నారు.

పడింది. తనకల్లు నుంచి వచ్చిన రామాంజినమ్మ కూతురు కదిరమ్మకు ఎనిమిదేళ్ళు. రామాంజినమ్మ ఆ పిల్ల కళ్ళకు గుడ్డ కట్టి గుడిసెలో పడుకోబెట్టి, ఏడవొద్దని చెప్పింది. సంగతి తెలిస్తే బిడ్డను చూసుకోమని ఇంటికి పంపేస్తారనీ, తన పని ఇంకొకరికి పోతుందనీ ఆమె భయం. చంకలో చిన్నబిడ్డ ఉంది కాబట్టి తన పాలే కూతురి కళ్ళలో పిండింది. పిల్ల ఏడవలేదు కూడా. మర్నాటి మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతుంటే అప్పుడు బయటికి తెచ్చింది. తిమ్మమ్మ గుడ్డ విప్పింది. రెప్పలు ఉబ్బి అంటుకుపోయి ఉన్నాయి. విప్పి చూసి వెంటనే బండి కట్టమంది.

ముగ్గురు పిల్లలనూ కదిరి ఆసుపత్రికి తీసుకుపోయారు. తిమ్మమ్మ కూడా పోయింది. డాక్టరు చూసి, వెంటనే కడిగిన ఆ ఇద్దరికీ భయం లేదన్నాడు. ఈ పిల్లకు కుడికన్ను నిలుస్తుంది, ఎడమది పోయింది అన్నాడు.

కదిరమ్మ, తల్లి, తిమ్మమ్మ పది రోజులు అక్కడే ఉన్నారు. పక్క మంచంలో ఉన్న ధర్మవరం నేతగాడి భార్య ఒక ఎర్రటి పండు కదిరమ్మ చేతిలో పెట్టింది. తిమ్మమ్మ అలాంటిది అంతవరకు చూడలేదు.

"ఏం కాయమ్మా ఇది?"

"సేపు పండు. ఆపిల్ అంటారంట. బెంగుళూరు నుంచి తెచ్చినారు. జ్వరం మనిషికి బలమంట."

"గింజ ఉంటాదా?"

"ఉంటాది. సన్నగింజలు."

వరండాలో రోగులవాళ్ళు వండుకునే పొయ్యి దగ్గర తిమ్మమ్మ పండును కత్తిపీట మీద కోసింది. గింజలు ఒక్కొక్కటే గోటితో తీసి పొయ్యిలో వేసింది. పిల్లకు నమిలే ఓపిక లేదు కాబట్టి ముక్కలు కుండలో ఆవిరికి ఉడికించి, బెల్లం వేసి మెదిపి, వేలితో నాలుకకు రాసింది. కదిరమ్మ ఇంకా కావాలంది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

రామాంజినమ్మ పొయ్యిలో కాలుతున్న గింజల్నే చూస్తోంది.

"ఆ గింజలో ఏముండాదో నీకు ముందే తెలుసు గదా అవ్వా. ఆ పొద్దే మేస్త్రీకి చెప్పింటే?"

"చెప్పనని ఒట్టేసినాను."

"ఎవురికి?"

"చచ్చిపోయినామెకు."

రామాంజినమ్మ గొంతు పెంచలేదు. "ఉండే బిడ్డకన్నా చచ్చిపోయినామె ఎక్కువయ్యెనా" అని, గిన్నె ఆమె చేతిలోంచి తీసుకొని మిగిలింది తానే తినిపించింది.

రోడ్డు పని ముగిశాక ఆ కుటుంబం తనకల్లుకు వెళ్ళిపోయింది. ముసలిదాని మందు వల్లే ఇట్లయిందని ఎర్రప్ప నల్లమాడలో చెప్పుకొచ్చాడు. తిమ్మమ్మ కాదనలేదు. సెగ్గడ్డలకూ పశువుల పుండ్లకూ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అటక మీది చట్టిని ఆమె గుంత తీసి పూడ్చింది. కానీ గుట్టమీది చెట్లను ఏం చేయగలదు? మరుసటి ఏడు వాన పడి, కొమ్మలు వంగేంత కాపు కాసింది.

అప్పటినుంచి ఎక్కడ జనం గుమిగూడి పని చేస్తున్నా తిమ్మమ్మ నడిచిపోయేది. అత్త పేరు, రామలక్ష్మమ్మ పేరు, కదిరమ్మ పేరు, తన పేరు, ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పేది. ఆ గింజ దంచొద్దని, దంచి ఉంటే పారేయమని చెప్పేది. పిచ్చిదన్నవాళ్ళు ఉన్నారు. పిల్లలను కొంగు చాటుకు లాక్కున్నవాళ్ళూ ఉన్నారు.

1967లో ఒక చెరువు పని దగ్గర మా మేనత్త ఆమెను ఆఖరిసారి చూసింది. గట్టు మీద నిలబడి చెబుతోంది. వింటున్న ఒక ఆడమనిషి కొంగుముడి విప్పి, గుప్పెడు గింజలు తట్టలోని మట్టిలో కలిపి, తట్ట నెత్తికెత్తుకొని పోయింది. ఆమె వెనకున్న ఇంకో మనిషి తన కొంగుముడి మరింత గట్టిగా బిగించుకుంది.