ప్రెసిడెంటు గారి ఫోటో మీదుగా కొబ్బరితాళ్లకు

రెండు వేల ఆరులో ఒక కొబ్బరిపీచు సంఘానికి వెబ్‌సైటు తయారుచేసిన పాపానికి నేను ఉద్దానం బయలుదేరాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉద్దానం కొబ్బరితాళ్లని వెతికితే తాళ్లు రావడం లేదు, సంఘం ప్రెసిడెంటు గారి ఫోటో వస్తోంది. తాళ్లు పేనే ఆడవాళ్లకు పెద్దదిక్కైన చిన్నమ్మి ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది.

తప్పు నాదే. ప్రతి పేజీ నుంచీ తన పేజీకి లింకు ఉండాలని ఆయన పట్టుబట్టారు, నేను తలూపాను. తాళ్ల పేజీని ఐదు నొక్కుల లోపల పాతిపెట్టాను. వెతికే యంత్రానికి సరుకు నాణ్యత ఏం తెలుసు? ఎక్కువ పేజీలు ఎవరివైపు వేలు చూపిస్తే వాళ్లే గొప్ప. మన ఊళ్లలోనూ అంతే కదా!

ఉదయం ఆరింటికి విశాఖలో పాసింజరెక్కి పదిన్నరకు పలాసలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ తిని, పదకొండింటికి వజ్రపుకొత్తూరు వైపు బస్సు పట్టాను. పక్కసీటు రైతు ఎక్కడికని అడిగాడు. ఊరి పేరు చెబితే నవ్వాడు.

"ఆ ఊరికి బస్సు నేదు బాబూ. ప్రెసిడెంటు గోరి గేటు కాడే దిగాల."

అక్కడే దిగి, జీడితోటల మధ్య ఇసుకలో మూడు కిలోమీటర్లు నడిచాను. షెడ్డులో పదిమంది ఆడవాళ్లు తాళ్లు పేనుతున్నారు. నేనెవరో చెప్పాక చిన్నమ్మి మంచినీళ్లిచ్చి ఎత్తిపొడుపుగా అడిగింది.

"రెండు నెలల్లో బేరం రాపోతే షెడ్డు మూసీసి మద్రాసు కూలికెల్లిపోతాం. ఆ సైటు సేసినోడు మా ఊరెప్పుడైనా వొచ్చినాడేటి?"

"ఇవాళే వచ్చాడమ్మా," అన్నాను. సిగ్గేసింది.

మూడింటికి మళ్లీ గేటు దగ్గర బస్సుకోసం నిలబడితే ప్రెసిడెంటు గారు బయటికొచ్చారు. సంగతంతా చెప్పాను.

"తాళ్ల పేజీ ఎక్కడైనా ఎట్టుకో. నా ఫోటో మాత్రం అన్ని పేజీల్లోనూ ఉండాల. ఇంకా పెద్దది సెయ్యి."

సరేనన్నాను. ఐదింటికి పలాస నెట్ సెంటర్లో కూర్చుని ప్రతి పేజీలోనూ ఆయన ఫోటో పెద్దది చేశాను. ఇంతకుముందు దాన్ని నొక్కితే ఆయన పేజీ వచ్చేది, ఇప్పుడు చిన్నమ్మి తాళ్లు వచ్చేలా మార్చాను.

ఏడింటి రైలు నౌపడ దాటుతుండగా ఆయన ఫోన్ చేశారు. "ఫోటో బాగుందయ్యా. నొక్కితే తాళ్లొస్తన్నాయేటి?"

"తమరి సేవకు గుర్తుగా అండీ."

"అయితే అలాగే ఉంచీ," అన్నారు.

ఉద్దానం వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. బస్సు దిగిన గేటు దగ్గరే ఆగిపోకండి, ఇసుకలో నడవండి. నెలన్నరకు సైటు చూసి షెడ్డుకు మొదటి బేరం వచ్చింది. అదంతా తన ఫోటో చలవేనని ప్రెసిడెంటు గారు సభ పెట్టి మరీ చెప్పారట. ఆయన నోట నిజం వచ్చింది ఆ ఒక్కసారే.